చప్పుడు లేని జగడం

మా చీరల దుకాణంలో రోజుకు నాలుగైదు సార్లు నన్ను తిట్టే మనిషి ఒకామె ఉంది. జీతమిచ్చి తిట్టించుకుంటాను. ఈ ఏర్పాటు మా బాపు నాటిది. నిజామాబాద్ బజార్లోని ఆ దుకాణంతో పాటు ఈ తిట్లు కూడా నాకు వారసత్వంగా వచ్చాయి.

గిరాకీ ఒక చీర మీద చెయ్యి వేసి వదలదు, ధరకు ఒప్పుకోదు. నేను ముఖం గంటు పెట్టుకుని "రాదమ్మా, నష్టమొస్తది" అంటాను. అప్పుడు మా అక్క చీర నా చేతిలోంచి గుంజుకుంటుంది. బాపు ఉన్నప్పటి నుంచి మా దగ్గర చీరలు చూపించే మనిషి కాబట్టి అక్క అనే పిలుస్తాను. "ఏం సేటూ, కండ్లు నెత్తికెక్కినయా? బిడ్డ పెండ్లికి కొంటుంది పాపం. మీ బాపుంటే గిట్ల జేస్తుండెనా?" అని ముఖం మీద వేలు ఆడిస్తుంది. నేను తల దించుకుని, గొణుక్కుంటూ తగ్గిస్తాను. మహారాష్ట్ర వైపు నుంచి వచ్చినవాళ్ళుంటే మరాఠీలో తిడుతుంది. తన పక్షాన ఒకరు కొట్లాడి గెలిచారన్న తృప్తి గిరాకీకి, పొద్దున్నే అనుకున్న ధర నాకు. గిరాకీ మెట్లు దిగగానే అక్క గొంతు మారిపోతుంది. "తమ్మీ, చాయ్ జెప్పు" అంటుంది. గిరాకీ ముందు నేను సేటును, వాళ్ళు పోయాక తమ్మిని.

బాపు ఈ సంగతి ఇంట్లో ఎన్నడూ ఎత్తలేదు. దుకాణం మాట దుకాణం గడప దాటొద్దనేవాడు. కాబట్టి మా అమ్మకు కూడా తెలియదు. మొదటి చిక్కు అదే.

రెండో చిక్కు టీవీ. మోకాలి ఆపరేషన్ అయ్యాక అమ్మకు అదే లోకమైంది. పదిహేను మందిని ఒక ఇంట్లో పెట్టి, తాళం వేసి, మూలమూలకు కెమెరాలు బిగించి, వారానికొకరిని బయటికి పంపే ఆట ఒకటి వస్తుందే, దాన్ని పట్టుకుంది. గిన్నెలు ఎవరు తోమాలన్న దాని మీద అందులో అరగంట కొట్లాడుకున్నారు. "గీ కొట్లాట మనింట్ల పుణ్యానికి దొరుకుతుంది గదనే" అన్నాను.

"దొరుకుతది. కానీ మనింట్ల ఎవ్వలది తప్పో చెప్పెటోడు లేడు గదరా" అంది అమ్మ.

నేను నవ్వాను గానీ ఆ మాట నన్ను కూర్చోబెట్టింది. మూడో వారానికి భోజనం పళ్ళెం పట్టుకుని అమ్మ పక్కన చేరాను. ఆటోవాడితో పది రూపాయల కోసం పావుగంట వాదించే మనిషిని, ముఖమెరుగని ఒక కుర్రాడి కోసం మూడు ఫోన్ల నుంచి ఓట్లు వేశాను. వాడు ఆ వారమే బయటికి వచ్చాడు. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు. బజార్లోనూ మాటలు మారాయి. పెండ్లిలో వడ్డన తప్పించుకున్న బావమరిది 'సేఫ్ గేమ్' ఆడుతున్నాడన్నారు. మా అమ్మ ప్రతి సోమవారం తన ఆడబిడ్డను నామినేట్ చేసేది. ఆమె ఉండేది ఎక్కడో భీమ్‌గల్‌లో, ఈ సంగతే ఎరుగదు.

ఆట ముగిసింది. ఆ సోమవారం అమ్మ చేతిలో రిమోట్ పట్టుకుని, ఏ చానెల్లోనూ నిలవలేక, ఇల్లంతా కుంటుతూ తిరిగింది. ఆ నెలలోనే నేను దొంగల భయానికి దుకాణంలో కెమెరా పెట్టించాను. బొమ్మ ఫోన్లో కనబడుతుంది, మాట వినబడదు. చప్పుడు కూడా వచ్చేది కావాలంటే కొంచెం ఎక్కువవుతుందన్నాడు పెట్టినతను. "దొంగోడు మాట్లాడుతడా? చప్పుడెందుకు?" అని వాదించి చవకది తెచ్చాను. ఆ రోజు గెలిచాననే అనుకున్నాను.

అమ్మ ఫోన్లో కూడా ఆ బొమ్మ వచ్చేటట్టు చేసిచ్చాను. అమ్మకు ఇంకో ఇల్లు దొరికింది. పొద్దున పది దాటితే ఫోను. "ఎర్రచీరామె గంటసేపాయె, కొంటదా, కొనదా?" గల్లీలో ఆడవాళ్ళు కూడా వచ్చి పక్కన కూర్చునేవారట. నాకూ కుదురు పోయింది. కడుపు లోపలికి పట్టుకుని కూర్చోవడం, కెమెరా వైపు తిరిగి చీర విప్పడం మొదలైంది. సాయంత్రం ఇంటికెళ్ళి మా జగడాలు నేనే వెనక్కి తిప్పి చూసుకునేవాణ్ణి. అక్క వేలు ఆడిస్తే నేను తల దించే తీరు చూసి, ఎంత బాగా చేశానురా అని నాకు నేనే మురిసిపోయాను. అన్నిట్లో మంచి ముక్క ఒకటి తీసి, "మన సీరియల్" అని రాసి, పక్కన నవ్వే బొమ్మలు రెండు పెట్టి చుట్టాల గ్రూపులో వేశాను. ఇది ఉత్త ఆటేనని ఇంకొక్క మాట రాసి ఉంటే సరిపోయేది. రాయలేదు, వ్యాపార రహస్యం కదా.

అమ్మ నవ్వలేదు. ఇన్నాళ్ళూ ఆమె కన్ను గిరాకీల మీదే, మా జగడం సరిగ్గా చూసింది అప్పుడే. "అదేందిరా, నీ మీదికి చెయ్యి లేపుతుంది? పంపియ్ దాన్ని."

"అది ఉత్తదేనే."

"ఉత్తదైతే నీ మొఖం గట్లెందుకున్నది?"

నా నటనకు దొరికిన మెప్పు అదొక్కటే.

ఆ ముక్క చుట్టాల గ్రూపు దాటి గల్లీకి, గల్లీ దాటి ఎక్కడెక్కడికో పోయింది. ఎవరో దాని కింద 'యజమాని మీద పనామె దౌర్జన్యం' అని రాశారు. ఇంకెవరో 'ఉంచాలా? పంపాలా?' అని అడిగారు. జనం ఓట్లు వేశారు. నాలుగో రోజుకు అది ఎడపల్లి చేరింది. అక్కది ఆ ఊరే.

గురువారం ఆమె రాలేదు. ఫోను ఎత్తలేదు. శుక్రవారం నేను అలవాటు చొప్పున "రాదమ్మా" అని ఆగాను. చీర గుంజుకునేవాళ్ళు లేరు. గిరాకీ నా ముఖం చూసి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయింది. శనివారం కూర్చోలేక, నిలబడలేక, మడతపెట్టిన చీరలే మళ్ళీ మడతపెట్టాను.

ఆదివారం, అక్క పోయే చర్చిలో ప్రార్థన అయ్యే వేళకు బండి మీద ఎడపల్లి పోయాను. దారి పొడవునా చెరుకు లారీల వెనక పడి, ఏమేం ఇస్తానో లెక్క కట్టుకుంటూ పోయాను: జీతం పెంపు, ఒక పట్టుచీర, మరీ మొండికేస్తే బస్సు పాసు. బేరానికి పోయేటప్పుడు చివరి మాట దాచుకోవాలని బాపు నేర్పాడు.

అక్క వాకిట్లో కూర్చుని ఉంది. చర్చి నుంచి వచ్చిన ఆడవాళ్ళు నలుగురు గోడ పక్కన నిలబడి ఉన్నారు. అక్క నన్ను చూసి లేవలేదు.

"ఎందుకొచ్చినవ్ సేటూ?"

అక్కడ గిరాకీ ఎవరూ లేరు. అయినా సేటూ అంది.

"జీతం పెంచుత అక్కా."

"పెంచు. తీసుకునేటందుకు నేను రావాలె గద."

"చీర..."

"నా ఇంట్ల చీరలు లేవా?" గోడ వైపు చెయ్యి చూపించింది. "బుధవారం ప్రార్థన మా ఇంట్ల ఉండె. ఒక్కరు రాలే. సేటు మీద చెయ్యి లేపెటామె ఇంట్ల ఏం ప్రార్థనని అన్నరట. అది ఆటనే అని నేను జెప్తే నమ్ముతలేరు. నువ్వు జెప్పు. గీడనే, గీళ్ళ ముంగట."

ఆ నలుగురూ నా గిరాకీలే. ఎడపల్లి పెండ్లి బట్టల్లో సగం మా దుకాణానివే. ఆ జగడం ఆట అని చెబితే ఇంతకాలం కొన్న ప్రతి చీరా వీళ్ళకు గుర్తొస్తుంది. బాపు ముప్పై ఏళ్ళు దాచిన మాట అది.

"నువ్వు నాకు సొంత అక్కసొంటిదానివని జెప్త" అన్నాను.

"అది వద్దు."

"తప్పు నాదేనని జెప్త. ఆ ముక్క తీసెయ్యమని అందరికి..."

"బేరం జేస్తున్నవా?"

చేస్తున్నాను. ఆమె పరువు మీద, ఆమె వాకిట్లోనే. వెనక్కి తిరిగి బండి ఎక్కేద్దామని కూడా ఒక క్షణం అనిపించింది. ఎక్కితే ఆమెకు దుకాణమే కాదు, ఊరు కూడా పోతుంది.

చెప్పేశాను. ఏ మాటకు ఆమె చీర గుంజుకుంటుందో, నేను ఎక్కడ తల దించుతానో, తగ్గించే ధర ముందే ఎట్లా అనుకుంటామో, అంతా. ముగించి, తిట్లకు సిద్ధపడి నిలబడ్డాను. ఈసారి తిడితే నిజం తిట్లే.

వాళ్ళలో పెద్దామె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "గదా? గది మాకు మీ బాపున్నప్పటిసంది ఎరుకనే సేటూ. ఆమె గుంజుకునేదాంక మేము లేస్తమా?"

ఇంకొకామె అంది: "మేము చెప్పులేసుకునుడు గూడ గట్లనే. నువ్వు పిలుస్తవని ఎరుక."

నేను వెర్రివాడిలా చూశాను. "ఎరుకైతే మరి ఫోన్లది ఎట్ల నమ్మిండ్రు?"

నవ్వు ఆగింది. నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"దుకాణంల అంటే ఎరుకనే" అంది పెద్దామె మెల్లగా. "ఫోన్ల వచ్చింది గద. నిజమే అనుకున్నం."

తిరుగు దారిలో ఆ మాట నన్ను వదల్లేదు. ఆ టీవీ ఆటలో పళ్ళెం విసిరికొట్టిన ఒక పిల్లను నేను వారం రోజులు తిట్టాను, ఆమె పోవాలని మిగతావాళ్ళకు ఓట్లు వేయించాను. విసరకముందు ఏం జరిగిందో చూపించలేదు, నేనూ అడగలేదు. మచ్చ పైకి కనబడకుండా చీర మడవడం పుట్టినప్పటి నుంచి తెలిసినవాణ్ణి. టీవీలో చూపిన ఆ అరనిమిషాన్ని ఎవరు ఎట్లా మడిచారని నాకు తోచనే లేదు.

సోమవారం అక్క బోధన్ బస్సు దిగి వచ్చింది. చీరలు దులిపింది. బోణీకి వచ్చింది ఆ వాకిట్లోని పెద్దామే, కోడలిని వెంటబెట్టుకుని. నీలం చీర పట్టుకుంది. నేను ధర చెప్పి "రాదమ్మా" అన్నాను. అక్క కదల్లేదు.

పెద్దామె అక్క వైపు తిరిగింది. "ఏందక్కా, సేటును ఏమంటలేవు?"

అక్క పైకి చూసింది, కెమెరా వైపు. "ముందుగాల దాని కండ్లు మూయమను."

స్టూలు వేసుకుని ఎక్కాను. చేతికందిన ఎర్ర జాకెట్టు గుడ్డ దానికి చుట్టాను. కిందికి కాలు పెట్టానో లేదో చీర నా చేతిలోంచి పోయింది. "ఏం సేటూ, కండ్లు నెత్తికెక్కినయా? పొద్దుగాల పొద్దుగాల వచ్చిండ్రు..."

జేబులో ఫోను మోగింది. అమ్మ. తెర ఎర్రగా ఎందుకైందని అడగడానికే. ఎత్తనా, వద్దా? నా వంతు మాట మరిచిపోయాను.

"నష్టమొస్తది అనాలె సేటూ" అంది పెద్దామె.

"నష్టమొస్తది" అన్నాను.

బేరం తెగింది. అత్తా కోడళ్ళు మెట్లు దిగారు. అక్క మిగిలిన చీరలు ఒళ్ళో వేసుకుని మడతపెడుతూ, నా వైపు చూడకుండా "చాయ్ జెప్పు" అంది.

అంతే అంది. ఎప్పుడూ దానికి ముందు వచ్చే తమ్మీ అన్న మాట కోసం ఆగాను. ఫోను మళ్ళీ మోగింది.