ఎత్తిన బానెట్ అవతల

కల్పించి చెబుతున్నానని మాత్రం అనుకోకండి. మా కారు మీద ఒట్టు వేద్దామంటే, ఆ కారునే ఎవరూ నమ్మరు. అందుకని నా డ్రైవింగ్ లైసెన్సు మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను. నలభై మూడో ఏట వచ్చింది అది. అంత కష్టపడి తెచ్చుకున్న దాని మీద అబద్ధపు ఒట్టు వేసేంత ధైర్యం నాకు లేదు.

కణేకల్‌లో నాది జెరాక్స్ షాపు. ఊరందరి లైసెన్సులకూ పదిహేనేళ్లు నకళ్లు తీశాను. అసలు మాత్రం నా దగ్గర లేదు. చివరికి లైసెన్సు తెచ్చుకుని, ఆ ఊపులోనే ఒక సెకండ్ హ్యాండ్ కారు కూడా కొన్నాను. సెకండ్ హ్యాండ్ అనేది మాట వరసకే. కాగితాలు తిరగేస్తే నాది ఆరో చెయ్యి. అదీ కాలింది.

మొదటి నెల బ్యాటరీ. రెండో నెల రెండు టైర్లు. మూడో నెల క్లచ్ ప్లేట్లు. ఒక క్లచ్ ప్లేటుకు ఎన్ని వేల కాగితాలు జెరాక్స్ తీయాలో ఒకరోజు కూర్చుని లెక్క వేశాను... సగంలో ఆపేసి, టీ తాగి పడుకున్నాను.

నాలుగో నెల రేడియేటర్. మా మెకానిక్ మస్తానన్న కారు కిందికి దూరి, బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ తీర్పు చెప్పాడు.

"నీ రేడియేటర్ ఏడుస్తాండాదప్పా. మార్చల్ల. మార్చకపోతే డిక్కీలో ఐదు లీటర్ల నీళ్లు పెట్టుకోని తిరుగు. వేడి చూపే ముల్లు సగం దాటితే బండి ఆపు. వేడి మీద మాత్రం మూత తీయాకు. తీసినావంటే మొగం మిగల్దు."

కారు అన్నాక కారదా అని నవ్వేసి వచ్చాను. రేడియేటర్ అంటే వేలు, నీళ్లు అంటే ఊరికే. మా జిల్లాలో నీళ్లు ఊరికే వస్తాయనుకున్నవాణ్ని నేనొక్కడినే అయి ఉంటాను.

పోయిన ఎండాకాలం... ఒక రాత్రి.

మా నాయనకు ఒక్కటే కన్ను. ఎడమ కన్ను వయసులోనే జాలిముల్లు గుచ్చుకుని పోయింది. కుడి కంటితోనే సేద్యం చేశాడు, పెళ్లిళ్లు చేశాడు, నన్ను బడికి పంపాడు. ఆ రోజు సాయంత్రం నుంచి ఆ కుడి కన్ను ఎర్రబడింది. తలనొప్పి అన్నాడు. రెండుసార్లు కక్కుకున్నాడు. రాత్రి పది దాటాక, బల్బు చుట్టూ రంగుల గూడు కనబడుతోందని చెప్పి మంచం పట్టె గట్టిగా పట్టుకున్నాడు. నొప్పికి నోరు తెరిచి ఏడవని మనిషి... పళ్లు కొరుకుతున్నాడు.

అనంతపురంలో ఆయన్ను ఇంతకుముందు చూసిన కంటి డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన అంతా విని, నీటికాసుల్లా ఉంది, కంట్లో ఒత్తిడి పెరిగిపోతోంది, తెల్లారేదాకా ఆగొద్దు, ఆలస్యమైతే చూపు దక్కదు, నేను ఆస్పత్రిలోనే ఉంటాను రండి అన్నాడు.

ఆ వేళకు బస్సు లేదు. పక్కింటాయనకు మంచి బండి ఉంది, అడుగుదామంది నా భార్య రామలక్ష్మి. ఇంటి ముందు సొంత కారు పెట్టుకుని పక్కవాళ్లను దేబిరించడానికి నాకు నామోషీ అయింది. రాత్రిపూట ఊరి పొలిమేర దాటి ఎప్పుడూ నడపలేదన్న సంగతి మాత్రం నోటికి రాలేదు.

నాయనను ముందు సీట్లో వాల్చి కూర్చోబెట్టాను. వెలుతురు పడితే నొప్పి అన్నాడని కళ్లకు అడ్డంగా గుడ్డ కట్టాను. బయలుదేరాం.

కాలువ దాటే వరకూ గాలి చల్లగా ఉంది. ఆ తర్వాత బీళ్లు. రెండు వైపులా చీకటి. దూరంగా గాలిమరలు... వాటి నెత్తిన ఎర్ర దీపాలు ఒక్కసారిగా వెలిగి, ఒక్కసారిగా ఆరుతున్నాయి. ఎదురుగా లారీ వస్తే నేను రోడ్డు దిగిపోయి, అది వెళ్లాక మళ్లీ ఎక్కుతున్నాను. నా వేగానికి వెనక ఎద్దులబండి ఉన్నా హారన్ కొట్టేదే.

ఉరవకొండ ఇంకా పన్నెండు కిలోమీటర్లు ఉందనగా ముల్లు సగం దాటింది.

చూడనట్టు ఇంకో కిలోమీటరు నడిపాను. అది కూడా నన్ను పట్టించుకోకుండా పైకి వెళ్లింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. పక్కకు తీసి ఆపేశాను. ఇంజన్ ఆగాక ఒక నిశ్శబ్దం వచ్చింది చూడండి... చెవులు నొప్పి పుట్టేంత. నాలుగు వైపులా ఇండికేటర్లు వేశాను. టిక్... టిక్... టిక్. ఒక్కో టిక్కుకు రోడ్డు పక్క గడ్డి పచ్చగా కనబడి మాయమవుతోంది.

డిక్కీ తెరిచి డబ్బా ఎత్తాను. ఎత్తడానికి బలం పెట్టాను... అది ఈకలా పైకి లేచింది. ఖాళీ!

రామలక్ష్మికి ఫోన్ చేశాను. "వారం నుంచి నీళ్లు ఊరికే ఉండాయి, కరివేపాకు చెట్టు ఎండిపోతాంటే పోసినా. మళ్లా పట్టి పెడ్దామనుకుంటి..." అంది. నాకు కోపం రాలేదు. నేనైనా పోసేవాణ్నే. మా ఇంట్లో డబ్బాలో నీళ్లు పని లేకుండా ఉంటే ఎవరికీ నిద్ర పట్టదు. పక్కింటాయనను లేపి పంపిస్తానంది. ఎంత తొందరగా వచ్చినా ముప్పావు గంట. ముప్పావు గంట అంటే నాయన కన్ను.

బానెట్ ఎత్తి కడ్డీ పెట్టాను. మూత దగ్గర ఇంకా బుస కొడుతోంది. మస్తానన్న మాట గుర్తుంది. అయినా తువ్వాలు తీసి మూత మీద వేశాను. చెయ్యి వేశాను కూడా. అప్పుడు తట్టింది... మూత తీసి పోయడానికి ఏముంది? ఉన్నదల్లా నాయన తాగే సీసాలో సగం నీళ్లు. తువ్వాలు అక్కడే వదిలేసి వచ్చి లోపల కూర్చున్నాను. నాయనకు ఒక గుక్క పట్టించాను. కారు అద్దం నిండా ఎత్తిన బానెట్. దాని కింద రెండు వేళ్ల సందు. ఆ సందులోంచి ఒక గాలిమర ఎర్ర దీపం కనబడుతోంది. వెలుగుతోంది... ఆరుతోంది... వెలుగుతోంది...

వెలగలేదు.

ఒక లెక్క తప్పింది అనుకున్నాను. మళ్లీ వెలిగింది. మళ్లీ తప్పింది. ఆ సందుకు అడ్డంగా ఏదో కదులుతోంది.

అడుగుల చప్పుడు నాకు వినబడలేదు. అది ముందే చెబుతున్నాను. వినబడింది గుడ్డ చప్పుడు. నేను వదిలేసిన తువ్వాలును ఎవరో మడత పెడుతున్నట్టు.

నాయన తల ఎత్తాడు.

"ఎవురప్పా అది?"

టిక్... టిక్... టిక్.

నాకు జవాబేమీ వినబడలేదు. నాయన మాత్రం చెవి అటు పెట్టి, మాట పూర్తయ్యేదాకా ఆగినట్టు ఆగాడు. తర్వాత, "సరేలేప్పా" అన్నాడు.

తలుపు పిడి మీద చెయ్యి వేశాను. కళ్లకు గుడ్డ కట్టి ఉన్న మనిషి... తడుముకోకుండా నా మణికట్టు పట్టుకున్నాడు.

"దిగద్దంట."

"ఎవురన్న్యారు నాయనా?"

"చల్లారల్లంట. కూసో."

కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. ముందు నుంచి బుస సన్నగా మొదలైంది. మూతను ఒక్కసారి తిప్పలేదు. కాస్త తిప్పి, ఆపి, ఆవిరి పోనిచ్చి, ఇంకాస్త తిప్పి... తెలిసిన చెయ్యి. బుస ఆగిపోయింది.

ఆ తర్వాత నీళ్ల చప్పుడు.

మా వైపు పుట్టినవాళ్లకు ఆ చప్పుడు గురించి చెప్పక్కర్లేదు. అర్ధరాత్రి కొళాయి వస్తే చీకట్లోనే బిందెలు పడతాం. నిండే కొద్దీ చప్పుడు లావు తగ్గి సన్నబడుతుంది. ఎక్కడ ఆపాలో చెవే చెబుతుంది. ఆ పోసే మనిషి కూడా అలాగే విన్నాడు. గుడగుడ... సన్నబడింది... ఇంకా సన్నబడింది... సరిగ్గా అంచు దగ్గర ఆగింది. ఒక్క చుక్క నేల మీద పడ్డ చప్పుడు లేదు.

మూత బిగిసింది. కడ్డీ తీసిన చప్పుడు.

బానెట్ దిగడం మొదలైంది.

పడలేదు. దిగింది. ఎవరో రెండు చేతులతో పట్టి దించుతున్నట్టు. దిగే కొద్దీ అద్దంలో పైనుంచి కనబడుతూ వచ్చింది. ముందు ఆకాశం. కొన్ని చుక్కలు. తర్వాత గాలిమరల ఎర్ర దీపాలు, అన్నీ. ఇంకాస్త దిగితే... అక్కడ ఒక ముఖం ఉండాలి. బానెట్ పట్టుకున్న మనిషికి ఆ ఎత్తులో ముఖం ఉండి తీరాలి. కళ్లు మూసుకుందామనుకున్నాను. రెప్పలు మాట వినలేదు.

ముఖం లేదు. రోడ్డు ఉంది.

నల్లగా, తిన్నగా, కారు దీపాల వెలుగు పడినంత దూరం... ఖాళీ రోడ్డు. బానెట్ టక్కున పడింది.

తర్వాత నాయన వైపు తలుపు మీద, బయటి నుంచి, రెండు దెబ్బలు. టక్ టక్. బస్సు కండక్టరు రేకు మీద కొడతాడే, అలా. రైట్ రైట్ అని.

తాళం తిప్పాను. ముల్లు కింద ఉంది. బండి కదిలింది. వెనక అద్దంలోకి చూడలేదు. నిజం చెప్పాలంటే నేను మామూలుగా కూడా చూడను. ఆ చెడ్డ అలవాటు ఆ ఒక్క రాత్రి నన్ను కాపాడింది.

ఉరవకొండ దీపాలు కనబడ్డాక రామలక్ష్మికి ఫోన్ చేసి, పక్కింటాయనను పంపొద్దన్నాను. నీళ్లెక్కడివని అడిగింది. వచ్చి చెబుతానన్నాను. ఏం చెప్పాలో ఇప్పటికీ తెలియదు.

డాక్టరు అన్న మాట ప్రకారం ఉన్నాడు. సూదులు, చుక్కల మందు, ఇంకేవేవో. కంట్లో నీళ్లు బయటికి పోయే దారి మూసుకుపోయిందట. నాయన కంట్లో నీళ్లు ఎక్కువ, నా కారులో నీళ్లు తక్కువ. కరువు జిల్లాలో పంపకాలు ఎప్పుడూ ఇంతే. తెల్లవారుజామున డాక్టరు వచ్చి, సమయానికి తెచ్చారు, చూపు నిలబడింది అన్నాడు. వరండాలోకి పోయి గోడకు ఆనుకున్నాను. నేల మీద కూర్చుని ఏడ్చాను. కారినవి ఉప్పునీళ్లే గానీ, ఎంత తీయగా ఉన్నాయో!

ఎండ వచ్చాక నాయన ఆ కంటితో నన్ను చాలాసేపు చూశాడు.

"గడ్డం నెరిసిందేమిరా?"

"రాత్రే నెరిసింది నాయనా."

కిందికి పోయి బానెట్ ఎత్తాను. నా తువ్వాలు బ్యాటరీ పక్కన ఉంది. నాలుగు మడతలు పెట్టి. పొడిగా.

రెండు రోజులకు ఇంటికి చేరాక మస్తానన్న దగ్గరికి తీసుకెళ్లాను. రేడియేటర్ అంచుదాకా నిండి ఉంది. అన్ని కిలోమీటర్లు తిరిగినా దిగలేదు. మస్తానన్న వేలు ముంచి తీశాడు. వేలు పచ్చగా ఉంది. వాసన చూశాడు.

"పసుపు కలిపినారప్పా. కారే తావులో పోయి గట్టిపడతాది. మా నాయన కాలంలో లారీవాళ్లు చేస్తాండ్రి. ఇప్పుడెవురికి తెల్సు? నీకెవురు చెప్పినారు?"

నాకెవరూ చెప్పలేదన్నాను. ఆయన ఆ వేలు గుడ్డకు తుడుచుకున్నాడు. తర్వాత ఎవరో పాత డ్రైవరు ఆ దారిన పోతూ ఉంటాడులే అన్నాడు. అయి ఉండొచ్చు. అయితే ఆయన లారీ ఏది? పగలు పోయి ఆ చోటంతా తిరిగి చూశాను. ఇల్లు లేదు, బావి లేదు. ఎండిపోయిన బోరు గొట్టం ఒకటి, దాని నోట్లో రాయి. అంతే.

నాయనను చాలాసార్లు అడిగాను. ఆయనకు అదంతా పెద్ద వింతగా లేదు. విన్న మాటలు అంతే అంటాడు... దిగద్దన్నాడు, చల్లారనీ అన్నాడు. ఒక్కసారి మాత్రం, అన్నం తింటూ చెయ్యి ఆపి అన్నాడు:

"గొంతు ఎండిపోయినోని మాదిరి ఉండె. సీసాలో నీళ్లుండె కదా, తాగుతావా అప్పా అని అడగల్ల అనుకుంటి. కన్ను నొప్పికి మర్సిపోతి."

అప్పటి నుంచి ఆ దారిన పోయినప్పుడల్లా బోరు గొట్టం దగ్గర ఒక నిండు సీసా పెడతాను. మళ్లీ పోయేసరికి ఖాళీగా ఉంటుంది. గొర్రెలవాళ్లు తాగుతారేమో. తాగనీ.

కొత్త రేడియేటర్ వేయించాను. దాని ఖర్చు గురించి ఏడవలేదు. డిక్కీలో ఇప్పుడు రెండు డబ్బాలు, ఒక పసుపు పొట్లం. కరివేపాకు చెట్టుకు వేరే బిందె.

ఇంకొక్క సంగతి. ఆ చోటు దాటేటప్పుడు ఎడమ వైపు తలుపు దగ్గర చప్పుడు వస్తుంది. టక్ టక్. మస్తానన్నకు చెప్పాను. ఆయన కిందికి దూరి చూసి, ఎడమ చక్రం దగ్గర బుష్ అరిగింది, గుంతలో పడితే కొట్టుకుంటోంది, పెద్ద ఖర్చు కాదు, గంటలో మార్చేస్తానన్నాడు.

ఆయన చెప్పిందే నిజం కావచ్చు. ఆ చోట గుంత ఉందో లేదో దిగి చూడలేదు.

ఆ ఒక్క రిపేరు మాత్రం చేయించలేదు.