తాళం లేని బీరువా

మా పెద్దమ్మ హన్నమ్మకు మొండితనం ఎక్కువ. ఆ మొండితనంతోనే బడి పుస్తకాల బీరువా తెరిచింది, ఆ మొండితనంతోనే మూసింది. మధ్యలో జరిగింది తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

శిరివెళ్ల దగ్గర ఒక పల్లెలో ఎలిమెంటరీ బడి ఆమెది. ఆమెకు ముందు హెడ్మాస్టరుగా చేసిన సంజీవయ్య బీరువాకు తాళం వేసి, చెవిని మొలతాడుకు కట్టుకుని తిరిగేవాడు. పుస్తకాలు చిరిగితే ఇన్‌స్పెక్టరు నిలదీస్తాడని భయం. పిల్లలు అట్టలు కూడా చూసి ఎరగరు. డెబ్బై ఎనిమిదిలో ఆయన రిటైరు కాగానే పెద్దమ్మ ఆ తాళాన్ని బడి వెనక వాగులో పడేసింది.

“మీకేది కావల్లో మీరే తీసుకోండి. నన్ను అడగొద్దు,” అంది పిల్లలతో.

సర్దడం, చిరిగిన పేజీలకు మైదా జిగురు అంటించడం, అన్నీ వాళ్లకే వదిలింది. తగాదా వస్తే గుండ్రంగా కూర్చుని చేతులెత్తి తేల్చుకునేవాళ్లు. తేల్చుకున్నది తాను మార్చనని మాటిచ్చింది. ఒకసారి, చదవడం రానివాళ్లకు బొమ్మల పుస్తకాలు ఇవ్వకూడదని తేల్చారు. పెద్దమ్మ పళ్లు బిగపట్టి ఊరుకుంది. కొన్నాళ్లకు వాళ్లకే సిగ్గేసి మానుకున్నారు. అప్పటినుంచి ఆమెకు ఆ పిల్లల మీద గుడ్డి నమ్మకం.

పెద్ద సేద్యం ఇంటి పిల్ల ఉమామహేశ్వరమ్మ ఒకరోజు జంతువుల కథల పుస్తకం ఇంటికి పట్టుకెళ్లింది. అంతకుముందు దాన్ని చదివినవాడు యేసురత్నం. చర్చి దగ్గరి ఇళ్లవాడు, మా కులంవాడే, ఉమ ఇంట్లోనే జీతానికున్న ఏసయ్య కొడుకు. సంగతి తెలిసి ఉమ అవ్వ ఆదిలక్ష్మమ్మ పుస్తకం మీద పసుపు నీళ్లు చల్లింది. చల్లడమేమిటి, ముంచినంత పని చేసింది.

మరునాడు ఆమే బడి గడప దగ్గరకొచ్చింది. లోపలికి మాత్రం రాలేదు.

“వాళ్లవి వేరే అరలో పెట్టు హన్నమ్మా. మా పిల్లోళ్లు తీసుకునేవి వాళ్లు ముట్టుకుంటాండారు.”

కుదరదని ఒక్క ముక్క అంటే సరిపోయేది. పెద్దమ్మ అనలేదు.

“బీరువా నాది కాదమ్మా, పిల్లోళ్లది. వాళ్లే తేలుస్తారు.”

పిల్లలే ఆ ముసలమ్మ నోరు మూయిస్తారని ఆమె ఆశ.

పిల్లలు కూర్చున్నారు. వేరే అర కావాలని ఉమ మొదట చేయెత్తింది. ఊరి పిల్లలు ఒక్కొక్కరే ఎత్తారు. చివరికి యేసురత్నం కూడా ఎత్తాడు.

ఆదిలక్ష్మమ్మ వెళ్లాక పెద్దమ్మ వాణ్ణి దగ్గరికి పిలిచింది.

“మీ నాయన ఎత్తమన్నాడా?”

“లేదు టీచరమ్మా. నేనే ఆలోచన చేసినా. మా అర వేరే ఉంటే మా పుస్తకాల మీద నీళ్లు పొయ్యరు గదా.”

పెద్దమ్మ లేచి బీరువా దగ్గరికి నడిచింది. అప్పటికే ఊరి పిల్లల కోసం పై అర సర్దుతున్న ఉమ, మర్యాదగానే అంది.

“ఈ అర మీరు ముట్టుకోవద్దు టీచరమ్మా. మేమే సర్దుకుంటాం.”

ఇచ్చిన మాట కోసం, ఆ ఊళ్లో ఉన్నన్నాళ్లూ పెద్దమ్మ పై అర ముట్టలేదు. ఈ పాడు మాట ఎవరికోసమని నేను పోట్లాడాను.

ఎనభై రెండులో ఆళ్లగడ్డకు బదిలీ అయింది. మొదటి రోజే అక్కడి బడి బీరువాకు కొత్త తాళం వేసి, చెవిని కొంగుకు ముడేసుకుంది. ఒక పాప తలుపు లాగి చూసింది.

“మేమే తీసుకోకూడదా టీచరమ్మా?”

“తీసుకోకూడదు. కావల్సినోళ్లు నా చేతిలోంచి తీసుకోవల్ల. లేదంటే చదవొద్దు.”

కొందరు చేయి చాచారు. కొందరు ఉత్త చేతులతో వెళ్లిపోయారు. వాళ్లను ఆమె వెనక్కి పిలవలేదు.