రెక్కల కోసం ఊదిన దువా

ఒక్క ఊపిరితో ఒక ఎమ్మెస్సీ చదువును గాల్లో కలపబోయిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి.

మాది మార్కాపురం. నేను బడి ముఖం చూడలేదు. మా నాన్న, అబ్బా అంటాం, ఇంట్లోనే కూర్చోబెట్టి తెలుగూ ఉర్దూ నేర్పించారు. అల్లా ఆయన్ను చల్లగా చూడాలి. చెల్లెలు నస్రీన్ మాత్రం జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ దాకా వెళ్లింది. ఆ ఎండాకాలం సెలవులకు లాబ్ మూసేస్తున్నారని రెండు సీసాల ఈగల్ని చంటిపిల్లల్లా ఒళ్లో పెట్టుకుని బస్సులో తెచ్చింది. మగ్గిన అరటిపండు మీద ముసురుతాయే, ఆ చిన్న ఈగలే. ఒక సీసాలోవాటికి రెక్కలున్నాయి. రెండో సీసాలోవాటికి లేవు.

"తుంచినావా ఏందే? పాపం గదా!"

"నేనేం తుంచలేదు ఆపా. పురుగుగా ఉన్నప్పుడే ఒక జీన్ 'ఇక్కడ రెక్క రావాల' అని పక్క కణాలకు కబురు పంపాల. వీటిల్లో ఆ జీన్ చెడింది. కబురు పోలేదు, రెక్క రాలేదు. రెండు సీసాలూ పక్కపక్కన పెట్టి చూపిస్తేనే నా ప్రాజెక్టు. జాగ్రత్త!"

కబురే కదా, పైనుంచి తెప్పిస్తే సరిపోతుందనుకున్నాను. మా ఇంట్లో ఎవరికి జ్వరమొచ్చినా దువా చదివి ఊదడం అలవాటు. మధ్యాహ్నం నస్రీన్ కునుకు తీస్తుంటే రెక్కల్లేని సీసాకున్న దూది మూత తీసి, చదివి, మెల్లగా ఊదాను. అవి తలెత్తి చూసినట్టనిపించి నా కళ్లు చెమర్చాయి. అంతటితో ఆగితే నేను నేనెందుకవుతాను? రెక్కలున్న సీసావాళ్లు చిన్నబుచ్చుకుంటారేమోనని దాని మూత కూడా తీసి ఊదాను.

ఆట వదిలాక సినిమా హాల్లోంచి జనం వచ్చినట్టు వచ్చాయి!

నా కేకకు నస్రీన్ లేచింది. "దువా రెక్కల్లేనివాటికి గదా ఆపా! ఉన్నవాటికెందుకు ఊదినావు?"

"ఒకరికి చదివి ఇంకొకరికి మానుకుంటే ఎట్లనే?"

"ఇప్పుడు కాలేజీలో మేడమ్‌కు ఏం చూపించాల, నీ ముఖమా?"

అది ఏడ్చింది. నేను అంతకంటే గట్టిగా ఏడ్చాను. అమ్మీ తువ్వాలు తీసుకుని ఈగల వెంటపడింది. "కొట్టొద్దమ్మీ! అవి చదువుకున్న ఈగలు!" అని నేను అడ్డం పడ్డాను.

మా అదృష్టం, ఖాళీ సీసా గోడకు బియ్యపు గింజల్లా కొన్ని గూళ్లు అంటుకుని ఉన్నాయి. లోపల పురుగులు ఈగలుగా మారుతున్నాయట. కాన్పు గది బయట కూర్చున్నట్టు ఇద్దరం ఆ సీసా ముందు కూర్చున్నాం. ఒక్కొక్కటే బయటికొచ్చి, ముడతలు పడ్డ రెక్కల్ని విప్పుకున్నాయి. చీర మడత విప్పినట్టు! షుక్ర్ అల్లా, ప్రాజెక్టు బతికింది.

రెక్కల్లేని సీసాలో మాత్రం పదిహేను రోజులైనా ఒక్క రెక్కా మొలవలేదు. "నా దువా ఖబూల్ కాలేదే" అని దిగులుపడుతుంటే వంటింట్లోంచి నస్రీన్ పిలిచింది.

"ఎందుకు కాలేదాపా? ఇట్ల రా, చూడు!"

మామిడిపళ్ల బుట్టమీది గుడ్డ తీసింది. పారిపోయినవాటి పిల్లాజెల్లా మబ్బులా లేచాయి. ఒక్కదానికీ రెక్క తక్కువ లేదు.

ఇప్పుడు నస్రీన్ వేరే ఊళ్లో పాఠాలు చెబుతోంది. ఆ రోజులిచ్చినందుకు అల్లాకు ఎంత షుక్ర్ చెప్పుకున్నా తక్కువే. నేను మాత్రం ఒట్టు పెట్టుకున్నాను: ఇకమీదట ఎవరికోసం దువా చేసినా మూత తీయను. ఆయనకు మూతలు అడ్డం కావు.