ఐదడుగుల అవతల చీపురు

ఇడెల్లా పాస్కో మా కొండ మీద బడి బస్సు నడిపిన మనిషి. రిటైరై చాలా ఏళ్లయినా, ఆ బస్సెక్కి చదువుకున్నవాళ్లం ఎవరమూ ఇప్పటికీ ఆవిడ ముందు కాళ్లు చాపుకుని కూర్చోం. ఆవిడ చూపు బస్సు అద్దంలోంచి వెనక సీటు దాకా వచ్చి చెవి మెలిపెట్టేది. నాకు యాభై దాటాయి, కొండ కింద ఇనపసామాన్ల కొట్టు నడుపుతున్నాను, ఎవరికీ వెరవనని పేరు కూడా ఉంది. ఆవిడ కొట్లోకొస్తే మాత్రం చేతిలో ఉన్న కాఫీ కప్పు కింద పెట్టేస్తాను.

అవతలి కొండ తగలబడిన ఏడాది ఆవిడ ఇంకా పనిలోనే ఉంది. ఎవరి అనుమతీ అడక్కుండా బస్సు తీసి పిల్లల్నీ ముసలివాళ్లనీ ఎక్కించుకుని, ఎదురుగా ఏముందో కనబడని పొగలోంచి కిందికి దింపుకొచ్చింది. ఒకాయన రెండు మేకల్ని కూడా ఎక్కించాడు. దింపేదాకా ఆయన్ని తిడుతూనే ఉందట గానీ మేకల్ని మాత్రం దించెయ్యమనలేదు. తరవాత మేమంతా వెళ్లి చూశాం. పైన్ చెట్లు చాలావరకు పచ్చగానే నిలబడి ఉన్నాయి, వాటి మధ్య ఇళ్లే బూడిదయ్యాయి. మంట ఊళ్లోకి నడిచి రాలేదు. గాలి నిప్పురవ్వల్ని మోసుకొచ్చి గుమ్మాల మూలల్లో, చూరుల కింద, ఎండుటాకులు చేరే చోటల్లా పోసిపోయింది. బీమా ఉన్నవాళ్లు మళ్లీ కట్టుకున్నారు. లేనివాళ్లు కొన్నాళ్లు చక్రాల మీద లాగే ట్రైలర్ ఇళ్లలో తల దాచుకుని, తరవాత ఎవరికీ చెప్పకుండానే వెళ్లిపోయారు.

అందుకే బీమా కంపెనీ కొత్త నిబంధన తెచ్చినప్పుడు ఇడెల్లా అందరిలా నెత్తీనోరూ కొట్టుకోలేదు. ఇంటి గోడ నుంచి ఐదడుగుల మేర కాలే వస్తువన్నది ఉండకూడదు, ఉంటే ఈసారి పాలసీ రెన్యూ కాదు. అదీ సంగతి. మా ఊళ్లో ఐదడుగులు అన్న మాట తిట్టయి కూర్చుంది. గోడకు ఆనించి కట్టెలు పేర్చడం ఇక్కడి మగవాళ్లకి మీసంలాంటిది, దాన్ని తియ్యమంటే ఊరుకుంటారా? కొట్లో నా ముందు చేరి కంపెనీ తాతముత్తాతల దాకా వెళ్లేవాళ్లు. ఇడెల్లా ఒకసారి అదంతా విని, మేకులు తూకం వేయించుకుంటూ, "రవ్వ పడ్డప్పుడు కూడా దానికి ఇలాగే నచ్చచెప్పండి" అని వెళ్లిపోయింది.

ఆవిడకు ఆ ఇల్లు పోతే ఇంకోటి లేదు. బీమా లేకుండా ఈ కొండ మీద ఉండటం ఆవిడ దృష్టిలో బ్రేకులు లేని బస్సులో కూర్చోవడమే. టౌనులో ఉన్న మేనకోడలు, రంగురంగుల బొమ్మలున్న వృద్ధాశ్రమం కాగితాలు పట్టుకుని సిద్ధంగా ఉంది. రోడ్డుకి అవతలి ఇంట్లో ఉండే హెస్పర్‌దీ అదే పరిస్థితి. హెస్పర్ మా బళ్లో వంటావిడగా చేసింది. ఇద్దరూ ఒకే ఏడాది మొగుళ్లని పోగొట్టుకున్నారు. ఒకరి వంటింటి కిటికీలోంచి ఇంకొకరి వసారా కనబడుతుంది. ఈ కొండ మీదే, ఒకరికొకరు కనబడుతూ పోవాలన్నది వాళ్ల కోరిక. ఇద్దరికీ అంతకన్నా పెద్ద కోరికలేవీ లేవు.

చీపురు సంగతి ఇక్కడ చెప్పాలి. గనిలో పనిచేసిన ముసలాయన ఒకాయన ఇంట్లో జారిపడితే రెండు రోజులు ఎవరికీ తెలియలేదు. ఆయన్ని పూడ్చిపెట్టి వస్తూ వీళ్లిద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. పొద్దున లేవగానే పొడుగు కర్ర చీపురు తెచ్చి గుమ్మం పక్కన గోడకు ఆనించి, పుల్లలు పైకి ఉండేలా నిలబెట్టాలి. సాయంత్రం లోపలికి తీసుకెళ్లాలి. కాఫీ వేళకి చీపురు బయటికి రాకపోయినా, చీకటి పడ్డాక లోపలికి వెళ్లకపోయినా అవతలి మనిషి రావాలి. ఇన్నేళ్లూ రోజూ ఆ దారిన కొట్టుకెళ్తూ చూసి నేను ఒకసారి అడిగితే, ఇడెల్లా ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని చెప్పింది. పడిపోతామని భయపడుతున్నట్టు బంధువులకి తెలిస్తే మర్నాడే పెట్టెలు సర్దేస్తారట.

"ఇద్దరికీ ఫోన్లున్నాయిగా?" అన్నాను.

"ఫోన్ చేస్తే హెస్పర్‌తో మాట్లాడాల్సొస్తుంది" అంది.

ఇంటిని చూడటానికి కంపెనీ పంపిన మనిషి మెర్విన్ ఓట్స్. వాడూ ఆ బస్సులో వెళ్లినవాడే. టేపు పట్టుకుని గోడ చుట్టూ తిరిగాడట. కట్టెలు, గుమ్మం ముందు పరిచిన కొబ్బరి పీచు పట్టా, జూనిపర్ పొద, తీగల కోసం కట్టిన చెక్క పందిరి, అన్నీ తియ్యాలన్నాడు. చివరికి గుమ్మం దగ్గరికొచ్చి, "ఈ చీపురు కూడా తియ్యాలి, పాస్కో గారూ" అన్నాడు.

"చీపురేం చేసిందయ్యా?"

"ఆకులన్నీ చేరే మూల అదే. పుల్లలు పైకి ఉన్నాయి. ఒక్క రవ్వ పడితే అది అగ్గిపుల్లే. కంపెనీవాళ్లు ఏ రోజైనా వచ్చి ఫొటో తీసుకుపోతారు, చెప్పి రారు."

అది దేనికో ఆవిడ చెప్పలేదు. ఎలా చెబుతుంది? కంపెనీ మనిషి చెవిన పడితే మేనకోడలి చెవిన పడ్డట్టే అనుకుంది. వాడూ అడగలేదు. తల ఊపి సరే అంది. హెస్పర్‌కీ అదే కంపెనీ, అవే మాటలు.

మెర్విన్ చెప్పింది తప్పని నేననను. నిప్పురవ్వ ఏం చెయ్యగలదో చూసినవాళ్లెవరూ అనరు. ఇడెల్లా అయితే పంతం పట్టినట్టు పని చేసింది. కట్టెల్ని ఒక్కొక్కటే మోసి పెరటి చివరికి చేర్చింది. పొద వేళ్లతో సహా పీకించింది. అటక గాలికంతలకు సన్నని ఇనప జాలీ కొట్టించింది. నా దగ్గర కంకర తోలించుకుని గోడ చుట్టూ తనే పార పట్టి పరిచింది. హెస్పర్ ఇంటి దగ్గర కూడా ఇద్దరూ కలిసి అదే చేశారు. హెస్పర్ పని కన్నా కబుర్లు ఎక్కువ చెబుతుంటే, "నీ నోటికి కూడా జాలీ కొట్టించాల్సింది" అని ఈవిడ కసురుకోవడం నేను విన్నాను.

చీపురు స్థానంలో ఏం పెట్టాలన్న చర్చ ఎక్కువసేపు జరగలేదు. కాలనిది కావాలి, దూరానికి కనబడాలి. రేకు బకెట్లు రెండు నా కొట్లోనే కొన్నారు. తెల్లగా మెరుస్తాయి, కంపెనీకి అభ్యంతరం ఉండదు. ఇద్దరూ తమ తెలివికి మురిసిపోయారు.

అయితే చీపురికీ బకెట్‌కీ ఒక తేడా ఉంది. చీపురికి ఇంట్లో పని ఉంటుంది. సాయంత్రం రొట్టె పిండి కింద రాలితే అది లోపలికి రావాల్సిందే, దాన్ని గుర్తుపెట్టుకోనక్కర్లేదు. బకెట్‌కి లోపల పనేమీ లేదు. హెస్పర్ అప్పుడప్పుడూ దాన్ని రాత్రంతా బయటే వదిలేసేది. మొదటిసారి ఇడెల్లా చీకట్లో టార్చి వేసుకుని పరుగున వెళ్లింది. హెస్పర్ నైటీలో తలుపు తీసి, బకెట్ సంగతే మర్చిపోయానంది. రెండోసారీ అంతే. మూడోసారికి ఈవిడకి ఒళ్లు మండి, కిటికీ తెర లాగేసి పడుకుంది. తెల్లారి చూస్తే హెస్పర్ నిక్షేపంగా వసారాలో కూర్చుని కాఫీ తాగుతోంది. ఇక ఆ తరవాత బకెట్ రాత్రిపూట బయట కనబడ్డా ఇడెల్లా వెళ్లడం మానేసింది.

అక్టోబరులో గాలులు మొదలయ్యాయి. గాలి ఉధృతంగా ఉంటే తీగలు తెగి మంటలు లేస్తాయని కరెంటు తీసేస్తారు. అలా కరెంటు లేని ఒక సాయంత్రం హెస్పర్ బకెట్ బయటే ఉండిపోయింది. ఇడెల్లా చూసింది, గొణుక్కుంది, తెర లాగింది. పొద్దున్న లేచి చూస్తే బకెట్ బయట ఉంది. పొద్దున్న అది ఉండాల్సిన చోటు అదేగా. ఆవిడ మనసు స్థిమితపడింది. పగలంతా నిచ్చెనెక్కి చూరు కాలువలోంచి ఎండు పైన్ ఆకులు తీస్తూ గడిపింది. గాలి ఏ రవ్వ తెస్తుందో అన్న ఒక్క భయమే ఆ రోజంతా ఆవిడకి.

పొద్దు వాలినా బకెట్ కదలలేదు. వరసగా రెండో రాత్రి కూడా మర్చిపోవడమేమిటని కోపం వచ్చింది. ఆ కోపంతోనే రోడ్డు దాటింది, దారిలోనే తిట్లు కూడా సిద్ధం చేసుకుందట. గుమ్మం దగ్గర బకెట్ చేతిలోకి తీసుకుని, అలాగే లోపలికి వెళ్లింది. హెస్పర్ వంటింట్లో నేల మీద ఉంది, తుంటి విరిగి. నిన్న సాయంత్రం పడింది. స్పృహ ఉంది.

"రాత్రే వస్తావనుకున్నానే" అంది హెస్పర్.

అంబులెన్సు పిలిచారు, టౌను ఆసుపత్రికి తీసుకెళ్లారు, నేనూ వెంట వెళ్లాను. ఆ నేల చల్లదనం, ఆ వయసు, నీటిచుక్క లేకుండా ఒక రాత్రీ పగలూ. మూడు రోజులకి ప్రాణం పోయింది. ఇంకాస్త ముందు తీసుకొచ్చి ఉంటే అని మొదలుపెట్టిన డాక్టరు ఇడెల్లా మొహం చూసి మాట మధ్యలో ఆపేశాడు. ఆపినందుకు నేను మనసులోనే ఆయనకి దణ్ణం పెట్టుకున్నాను.

అంత్యక్రియలయ్యాక చర్చి హాల్లో భోజనాలు. మా కొండ మీద ఎవరు పోయినా మాంసం, బంగాళాదుంపలు కూరిన పేస్టీలు చేస్తారు, కుంకుమపువ్వు వేసిన బన్నులు చేస్తారు. హెస్పర్ చేసినంత బాగా ఎవరూ చెయ్యరు. ఇడెల్లా పళ్లెం ముట్టకుండా గోడ పక్క కుర్చీలో నిటారుగా కూర్చుంది. మెర్విన్ టోపీ చేతిలో పట్టుకుని వచ్చాడు. ఇంత జరిగాక దాచేదేముందని ఆవిడ వాడికి చీపురు సంగతంతా చెప్పింది.

"నియమం ఐదడుగుల వరకే కదండీ" అన్నాడు. "గేటు దగ్గర పెట్టుకుంటే నాకేం అభ్యంతరం? అక్కడ చీపురు కట్టలు కట్టలు పెట్టుకున్నా అడిగేవాడు లేడు."

చీపురంటే గుమ్మం పక్కన ఉండేది. పుట్టిన దగ్గర్నుంచి అందరి చీపుర్లూ అక్కడే చూశాం. ఐదడుగుల అవతల పెట్టొచ్చన్న ఊహ ఆ ఇద్దరికీ రాలేదు, నాకూ రాలేదు, కట్టెలు గోడ నుంచి పెరటి చివరికి మోసిన ఊళ్లో ఒక్కరికీ రాలేదు. ఇడెల్లా వాడిని తిట్టలేదు. "నువ్వు దేనికని అడగలేదు, నేను చెప్పలేదు. ఇద్దరికీ నోళ్లున్నాయి" అంది. వాడు ఏడుస్తూ బయటికి వెళ్లాడు.

ఆ వారంలోనే పాలసీ రెన్యూ అయింది. ఇల్లు సురక్షితంగా ఉందని కంపెనీ అభినందించిందట. హెస్పర్ ఇంటికి కూడా అదే అభినందన వచ్చింది. దాన్ని తీసుకునే మనిషి లేదు.

కొన్నాళ్లకి ఇడెల్లా కొట్టుకొచ్చి ఒక ఇనప పైపు అడిగింది. కొలిచి కోసి ఇచ్చాను. మర్నాడు వెళ్తూ చూస్తే, గేటు పక్కన కంకరకి అవతల ఆ పైపు పాతి ఉంది. దానికి ఆనించి చీపురు, పుల్లలు పైకి. ఆవిడ గేటు దగ్గరే నిలబడి నా బండికి చెయ్యి అడ్డం పెట్టింది.

"రోవీ, రేపట్నుంచి నువ్వు చూడాలి. వెళ్లేటప్పుడు లేకపోతే ఆగు. వచ్చేటప్పుడు ఉంటే ఆగు. ఫోన్ చెయ్యకు."

"మరి నన్నెవరు చూస్తారు?" అన్నాను, వాతావరణం తేలికపరుద్దామని.

"నీ బండి చప్పుడు చచ్చినవాళ్లని కూడా లేపుతుంది. అది వినబడకపోతే నేనే వస్తా."

శీతాకాలమంతా అలాగే గడిచింది. పొద్దున వెళ్లేటప్పుడు చీపురు ఉండేది, సాయంత్రం వచ్చేసరికి ఉండేది కాదు. ఫిబ్రవరిలో ఒక రోజు కొట్టు కట్టేసి వస్తున్నాను. మసక చీకట్లో చీపురు ఇంకా పైపు దగ్గరే నిలబడి ఉంది. మర్చిపోయి ఉంటుందని నాక్కూడా అనిపించింది. నిజంగానే అనిపించింది. ఇంట్లో దీపం వెలుగుతోంది, నాకు ఆకలిగా ఉంది. బండి కొంచెం ముందుకి కూడా పోయింది. అంతలో హెస్పర్ చీకటి వసారా కనబడింది. బ్రేకు వేసి, దిగి, గేటు తోసుకుని పరిగెత్తాను.

తలుపుకి గడియ లేదు, తోయగానే తెరుచుకుంది. ఇడెల్లా లోపల కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది, కోటు కూడా తొడుక్కునే ఉంది. కావాలనే చీపురు వదిలేసి, నేను ఆగుతానో లేదో అని చూస్తూ కూర్చుందట. నాకు మండిపోయింది. ఇదేం పరీక్ష అని కసిరాను. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ మీద గొంతు పెంచడం అదే మొదటిసారి.

ఆవిడ నన్ను నాలుగు చీవాట్లు పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. లేచి నా పక్కనుంచి బయటికి నడిచి, పైపు దగ్గర చీపురు తీసుకుని, దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

"నువ్వు ఆగావు" అంది. "ఆ రాత్రి నేను వెళ్లలేదు."

ఆ తరవాత చీపురు లోపలికి తీసుకెళ్లి వంటిల్లు ఊడ్చుకుంది.