బాబాయి నారు, నా బ్లాకరు

ఒక మనిషి తన చేతులతో సొంత బాబాయి కొంప ముంచడానికి ఎంతసేపు పడుతుంది? నాకైతే ఫోనుకు అర నిమిషం చొప్పున పట్టింది. పైగా ముంచినంతసేపూ పుణ్యకార్యం చేస్తున్నాననే అనుకున్నాను.

రెంటచింతలలో బస్సులు ఆగే చోట నాకో చిన్న కొట్టుండేది. జిరాక్సులు, రీచార్జీలు, ఫోను కవర్లు. డిగ్రీ చదివిన పిల్లనని చుట్టుపక్కల ఊళ్ల ఫోన్లన్నిటికీ నన్నే డాక్టర్ని చేశారు. రోగమేమో అందరిదీ ఒకటే, యాడ్లు. మిర్చి ధర చూద్దామని ఫోను తెరిస్తే ముందు పేకాటకు రమ్మంటుంది, తర్వాత అప్పిస్తానంటుంది, ఆ తర్వాత ఎవరో పెద్దాయన కట్టుడు పళ్లు చూపిస్తుంది. మూసేసే గుర్తు ఆవగింజంత. పార పట్టిన వేళ్లండీ అవి, ఆవగింజను నొక్కమంటే ఎలా నొక్కుతాయి?

మొదట వచ్చింది యోహాను తాత.

"అమ్మాయ్, వానొస్తదా రాదా అని చూద్దామంటే ఎవడో కోటేసుకొచ్చి నాకు మోకాళ్ల నొప్పులంటన్నాడే! ఉన్నయ్యనుకో. వాడికెవరు చెప్పారంట?"

సెట్టింగుల్లోకి వెళ్లి ఒకచోట యాడ్లను ఆపే బ్లాకరు పేరు కొట్టాను. యాడ్లు మాయం. తాత ఫోను కళ్లకద్దుకుని, "చల్లగుండు తల్లీ" అన్నాడు. ఇక చూడండి, బస్సు దిగిన ప్రతి రైతూ నా కొట్టు ముందే. అడిగినా అడగకపోయినా దొరికిన ఫోనుకల్లా ఆ బ్లాకరు పెట్టేశాను. మా కోటయ్య బాబాయి ఫోనుకైతే అడక్కముందే పెట్టాను. సొంత మనిషి కదా!

బాబాయి, అంటే మా నాన్న తమ్ముడు, ఆ ఏడే మిర్చి నారు నర్సరీ వేశాడు, పిన్ని గాజులు తాకట్టు పెట్టి మరీ. నారుకి ఒక వయసుంటుంది. ఆ వయసులో పొలం చేరకపోతే ముదిరిపోయి చెత్తకుప్పకు తప్ప దేనికీ పనికిరాదు. మా ఊరొక్కటే కొంటే ఏ మూలకీ చాలదు. అందుకని నరసరావుపేటలో ఒక కుర్రాడి చేత చుట్టుపక్కల ఊళ్ల ఫోన్లన్నిటిలో వచ్చేటట్టు యాడ్ వేయించాడు. అందులో బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని, నారు ట్రేని పురిటిబిడ్డలా ఎత్తుకుని నవ్వుతాడు. ఆయన పళ్లు మాకందరికీ కనబడింది ఆ వీడియో తీసిననాడే.

రెండ్రోజులు పోయాక బాబాయి నా కొట్టు దగ్గరికి వచ్చాడు.

"ఏమే, నా యాడ్ నాకు కనపడట్లా. ఏంది సంగతి?"

నాకు తెలియనిది ఉండకూడదు కదా! "యాడ్ ఇచ్చినోళ్ల ఫోన్లో రాదు బాబాయ్. అది రూలు" అన్నాను.

మర్నాడు మళ్లీ వచ్చాడు. "మీ పిన్ని ఫోన్లో గూడా రాలా."

"ఇంట్లోవాళ్లక్కూడా రాదు బాబాయ్."

ఆ మర్నాడు, "మా బావమరిదికీ రాలేదంట!"

"దగ్గర చుట్టాలక్కూడా..." అన్నాను గానీ ఈసారి నా మాట నాకే నమ్మబుద్ధి కాలేదు.

నారు మాత్రం ఏ రూలూ ఎరగకుండా పెరిగిపోతూనే ఉంది. కొనేవాడు ఒక్కడూ రాలేదు. పిన్ని ఖాళీ చేతులు చూసుకుని ఊరికే కళ్లు తుడుచుకునేది. ఆఖరికి బాబాయి నా కొట్లోనే నిలబడి, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టి నరసరావుపేట కుర్రాడికి ఫోన్ చేశాడు.

"ఒరేయ్, యాడ్ వేశావా, నామం పెట్టావా?"

"నడుస్తానే ఉందంకుల్. మీ ఏరియాలోనే జనం ఫోన్లలో బ్లాకర్లు పెట్టుకున్నారు, కనపడకుండా. అంతమంది ఒకేసారి పెట్టుకోటం నేనెక్కడా చూళ్లా."

"ఆ పెట్టేవోడు ఎవడో దొరకనీ, నారుమడిలో పాతేస్తా!"

నేను వంచిన తల ఎత్తలేదు. ఎత్తడానికి వీల్లేదు కూడా, అప్పుడు నా చేతిలో ఎవరిదో ఫోను, అందులో సగం కొట్టిన బ్లాకరు పేరు ఉన్నాయి. మనవరాలి ఫోను రీచార్జికొచ్చి బల్ల మీద కూర్చున్న యోహాను తాత మురిసిపోతూ అందుకున్నాడు.

"ఎవడో ఏందయ్యా కోటయ్యా, మన అమ్మాయేగా! మా ఊళ్లో అందరికీ ఈ బంగారుతల్లే పెట్టింది. నీ ఫోన్లో పెట్టలా?"

బాబాయి నన్ను చూశాడు. తన ఫోను చూసుకున్నాడు. మళ్లీ నన్ను చూశాడు. ఫోను జేబులో పడేసుకున్నాడు.

"తెల్లారేసరికి మైకు ఆటో వస్తది. ఎక్కు. ఫోన్లో యాడ్ ఆపావుగా, ఇక యాడ్ నువ్వే" అన్నాడు.

శ్రావణమాసమే గానీ రెంటచింతల ఎండకు ఆ సంగతి తెలియదు. నారు ట్రే ఒళ్లో పెట్టుకుని, పొద్దున్నుంచి గొంతు చించుకుని, "మిర్చి నారండీ మిర్చి నారు! కోటయ్య గారి నారు!" అని అరిచాను. నేను వెళ్లిన ప్రతి బజారులో తలుపులు టపటపా మూసుకున్నాయి. మా వీధిలోకి వస్తే మా అమ్మ బయటికొచ్చి, నన్ను చూసి కూడా, లోపలికెళ్లి కిటికీ వేసుకుంది.

యోహాను తాత వాళ్ల బజారులో మాత్రం తలుపు తెరుచుకుంది. తాత చెవులు మూసుకుని ఆటో దగ్గరికొచ్చాడు.

"అమ్మాయ్, ఫోన్లో గోల ఆపావు. ఈ గోల ఆగటానికి సెట్టింగు ఏడుందే?"

"నారు కొంటే ఆగుద్ది తాతా."

"రెండెకరాలకు పంపు. మా బజారుకి మళ్లీ రామాక!"

ఈ సెట్టింగు ఊరూరా పాకింది. నారు ముదరకముందే ట్రేలన్నీ ఖాళీ అయ్యాయి. పిన్ని గాజులు చేతికొచ్చాయి. నా గొంతు మాత్రం దసరాకు గానీ రాలేదు.

అందుచేత మైకు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి ఫోను సెట్టింగుల జోలికీ పోను. నా ఫోన్లో ఏ యాడ్ వచ్చినా, పాపం ఎవరి బాబాయో అనుకుని చివరిదాకా చూస్తాను. కట్టుడు పళ్లాయన్ని కూడా.