హైదరాబాదు నీళ్ల సీసా

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చెబితే నవ్వుతారేమో, సీసాడు నీళ్ల కోసం ఇంత బాధ దేనికంటారేమో. నవ్వితే నవ్వండి, కానీ మొత్తం విన్నాక. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే గుండె నాకు లేదు.

మాది కర్ణాటకలోని రాయచూరు. తాతల కాలం నుంచీ ఇక్కడే ఉన్న తెలుగువాళ్లం. ఇద్దరం ఆడపిల్లలం, అక్క నాకంటే రెండేళ్లు పెద్ద. డిగ్రీ అయిన రెండేళ్లకు అక్కకు హైదరాబాదులో ఒక కళ్ల ఆసుపత్రిలో సీటు వచ్చింది. చూపు పరీక్ష చేయడం నేర్పే రెండేళ్ల కోర్సు. చిన్నప్పటి నుంచీ తనకు అదే పిచ్చి. బస్టాండులో నన్ను నిలబెట్టి, ఒక కన్ను మూయించి, దూరంగా ఉన్న బస్సుల బోర్డులు చదివించేది. అప్పుడే డిగ్రీ పూర్తయిన నాకేమో ఉద్యోగానికి బెంగళూరు వెళ్లాలని. నా కాలేజీ జట్టంతా అటే వెళ్తోంది. నాన్న మాత్రం ఒకే మాట మీద ఉన్నాడు. వెళ్తే ఇద్దరూ ఒకే ఊరికి వెళ్లాలి, చెరొక ఊరంటే ఇద్దరూ ఇంట్లోనే ఉండాలి.

నాకు అక్క మీద అనుమానం. దాచడం దేనికి, నాకు అందరి మీదా అనుమానమే, నా పుట్టుకే అంత. ఆ రోజుల్లో అక్క మేడ మీదికి వెళ్లి ఫోన్లో ఎవరితోనో ఉర్దూలో గంటల తరబడి మాట్లాడేది. నా అడుగుల చప్పుడు వినగానే గొంతు తగ్గించేది. అవతల ఎవరు? నాకు వినిపించకూడని మాటలేమిటి? హైదరాబాదులో తనకు ఎవరో ఉన్నారని, పేరుకు నన్ను వెంట తీసుకెళ్లి, హాస్టల్లో పడేసి, తన దారి తాను చూసుకుంటుందని నాకు నేనే తేల్చేసుకున్నాను. నేరుగా అడగవచ్చు కదా? అడగలేదు. అబద్ధమే చెబుతుందని ముందే తీర్మానించుకున్నాక ఇంక అడగడం దేనికి?

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఎవరైనా కొత్త ఊళ్లో ఉండబోతుంటే ముందు అక్కడి నీళ్లు సీసాలో తెస్తారు. మా అవ్వ, అంటే నాన్న తల్లి, ఆ నీళ్లలో గుప్పెడు కందిపప్పు ఉడికిస్తుంది. కుక్కర్లో రాళ్లు కూడా ఉడుకుతాయని ఆమె వాదన, అందుకని మామూలు గిన్నెలోనే. పప్పు మెత్తబడితే ఆ నీళ్లు మనకు పడతాయి. పడకపోతే ఆ ఊరే వద్దు. మా చిన్నాన్న మద్రాసు ఉద్యోగం అలాగే పోయింది.

అక్కకు జ్వరం రావడంతో రెండు ఊళ్లలోనూ హాస్టళ్లు చూడటానికి మామయ్య నన్ను తీసుకెళ్లాడు. రెండు సీసాలు తెచ్చాను. ఇల్లు చేరేసరికి పొద్దున పది దాటింది. మామయ్య ముందు గదిలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. కాళ్లు కడుక్కునే వంకతో పెరట్లోకి వెళ్లాను. హైదరాబాదు సీసాలో నీళ్లు పారబోసి మా బోరు నీళ్లు నింపాను. ఆ నీళ్లు మేము తాగం, వాటిలో పప్పూ ఉడకదు. గిన్నెలు తోమితే ఆరాక తెల్లటి చారలు పడతాయి. నిమిషం పని. ఏ తడబాటూ లేకుండా మూత బిగించాను. అదే ఇప్పటికీ నన్ను భయపెడుతుంది.

మధ్యాహ్నం రెండు పొయ్యిల మీద రెండు గిన్నెలు పెట్టారు. బెంగళూరు పప్పు మెత్తగా ఉడికింది. రెండోది గంట దాటినా గింజ గింజగానే ఉంది. అవ్వ ఒక బద్దను వేళ్ల మధ్య నలిపి చూసింది.

“ఇంకా పలుకే ఉన్నది. ఈ నీళ్లు మనకు పడవు బిడ్డా. గా ఊరు వద్దు.”

అక్క గిన్నె వైపు చూడలేదు. నా వైపు చూసింది.

“నీళ్లు నువ్వే పట్టినవా?”

“ఆ, నేనే పట్టిన.”

“ఏడ?”

“హాస్టల్ల. వంటింట్ల నల్లా ఉంది కద, ఆడ.”

“మధ్యల సీసా ఎవరికన్న ఇచ్చినవా?”

“లేదక్కా. ఏంది, నా మీద అనుమానమా?”

“నీ మీద నాకెందుకుంటది? ఊకె అడిగిన.”

ఊరికే అడిగిందా? తెలిసే అడిగిందా? తెలిస్తే అందరి ముందూ ఎందుకు నిలదీయలేదు? నాన్న కూడా అవ్వ మాటకే తలూపాడు. చదువుకున్న మనిషి, పప్పు ఉడకకపోతే ఊరు మానేయమంటే నవ్వి కొట్టిపారేయాలి కదా. బెంగళూరైతే మన రాష్ట్రమే అన్నాడు, అంతే. ఆయనకూ ఒక సాకే కావాల్సివచ్చిందేమో. ఇలా నాన్న మీదికి సగం తోసేస్తే నా పాపం సగమవుతుందని ఆశ కాబోలు. కాదు. బోరు దగ్గరికి వెళ్లింది నేను.

అక్క సీటు పోయింది. ఇద్దరం బెంగళూరు వెళ్లాం. ఎనిమిది నెలలకే నేను ఉద్యోగం మానేసి రాయచూరుకు తిరిగొచ్చేశాను. నీళ్లు పడలేదని అందరికీ చెప్పాను, సిగ్గులేకుండా. అప్పటికి నాన్న పట్టు సడలి అక్క అక్కడే ఉండిపోయింది, ఒక కళ్లద్దాల దుకాణంలో.

మూడేళ్ల తరువాత మా జిల్లాలోనే మాన్విలో ఒక పెళ్లిలో ఒకావిడ నన్ను పలకరించింది. మా రాయచూరు మనిషే, హైదరాబాదు కళ్ల ఆసుపత్రిలో పనిచేస్తుందట. అక్క మేడ మీద నుంచి మాట్లాడింది ఆమెతోనేనట. చెల్లెలు బెంగళూరు మీద మనసు పెట్టుకుంది, అక్కడే దానికి మంచి ఉద్యోగం చూపిస్తే సంతోషంగా వస్తుంది, ఖాయమయ్యేదాకా దానికి చెప్పను అని రోజూ అనేదట. నేను ఆ మాటా నమ్మలేదు. మర్యాదకు చెబుతోందనుకున్నాను. నమ్మితే నా గతేమిటి?

పోయిన నెల బెంగళూరు వెళ్లి అక్క దుకాణంలో కూర్చున్నాను. అక్క ఒక ముసలావిడకు కళ్లజోళ్లు చూపిస్తోంది. ఆమెకు అక్క మాటతీరు నచ్చినట్టుంది. నా కళ్లు నువ్వే చూడమ్మా అని కన్నడలో అడిగింది. నాకు రాదమ్మా, చూసేవాళ్లు లోపలున్నారు అని అక్క ఒక తెర వైపు చూపించింది. ఆ తెర వెనకున్న అమ్మాయికి ఇరవై రెండేళ్లుంటాయేమో. అక్క మెల్లగా ఒక్కొక్క జోడూ తుడిచి అరలో పెట్టింది.

అప్పుడే చెప్పేద్దామనుకున్నాను. నోరు తెరిచాను కూడా. చాయ్ తాగుతవా అని అడిగింది. తాగుతానన్నాను.

మీరు క్షమిస్తారని రాయలేదు. క్షమించడానికి మీరెవరు? అక్క ఆ తెరకు అవతల ఉండాల్సింది. ఇవతల నిలబెట్టింది నేను. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు పదకొండేళ్లు పట్టింది. ఇప్పుడు కాస్త ఊపిరాడుతోంది. అక్కకు మాత్రం ఇంకా చెప్పలేదు.