కొండ రికార్డు, రెండు నిమ్మకాయలు

స్టీల్ ప్లాంట్‌లో ముప్పై ఆరేళ్ల సర్వీసు ముగిసిన మూడో నెలలో, ఒక జూన్ ఒకటో తారీఖున, నేను రెండో ఉద్యోగంలో చేరాను. హోదా సీనియర్ వెరిఫైయర్. జూనియర్ వెరిఫైయర్ అంటూ ఎవరూ లేరు కాబట్టి ఆ సీనియారిటీ ఎవరి మీదో నాకు చివరిదాకా తెలియలేదు. సైకిల్ తొక్కేవాళ్ల కోసం ఫోన్ యాప్ నడిపే చిన్న కంపెనీ అది. ఆఫీసు పూర్ణా మార్కెట్ వెనక, ఎండుమిర్చి గోడౌన్ మీద రెండో అంతస్తు. పొద్దున్న బస్తాలు దించే వేళకి మేమందరం తుమ్ములతోనే పలకరించుకునేవాళ్లం. నేను చెప్పబోయేది ఆ ఉద్యోగంలో మొదటి ఏడాది పూర్తయ్యే వేళకి జరిగింది.

పని ఏమిటో ముందు చెప్పాలి. ఫోను జేబులో పెట్టుకుని సైకిల్ తొక్కితే, ఏ క్షణాన ఎక్కడున్నారో యాప్ రాసుకుంటూ పోతుంది. రోడ్డులో పోటీకని కత్తిరించిన ముక్కని సెగ్మెంట్ అంటారు. ఆ ముక్కని ఎవరెంత త్వరగా దాటారో వరసగా చూపించే పట్టిక లీడర్‌బోర్డు. ఆ పట్టికలోకి మోటారు బళ్లు దూరకుండా చూడటం నా పని. దూరేవాళ్లలో దొంగలు తక్కువ, మతిమరుపు వాళ్లు ఎక్కువ. సైకిల్ దిగి బస్సెక్కుతారు, యాప్ ఆపడం మర్చిపోతారు. ఎలమంచిలి నుంచి దువ్వాడ దాకా గంటకి నూట పది కిలోమీటర్ల వేగంతో "తొక్కిన" పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. రైలెక్కాడు పాపం. అలాంటివి యంత్రమే తీసేస్తుంది. యంత్రం తేల్చలేనివి నా బల్ల మీదకి వచ్చేవి.

నన్నే ఎందుకు పెట్టుకున్నారంటే, ప్లాంట్‌లో నాది వైబ్రేషన్ సెక్షన్. పెద్ద ఫ్యాన్లు, పంపులు, రోలింగ్ మిల్లు బేరింగులు పాడయ్యే ముందు వాటి వణుకు మారుతుంది. ఆ వణుకుని చదివి "ఇది ఇంకో పది రోజులు ఆగుతుంది, అది ఆగదు" అని రాసివ్వడం నా సర్వీసంతా చేసిన పని. ఫోనులో కూడా వణుకు కొలిచే చిన్న పరికరం ఉంటుంది. ఇంజను ఉన్న బండి సిగ్నల్ దగ్గర ఆగినా వణుకుతూనే ఉంటుంది. సైకిల్ ఆగితే ఆగిందే. ఈ ఒక్క కిటుకుతో లెక్కలేనన్ని దొంగ రికార్డులు తీసిపారేశాను. నా దగ్గర ఇంజను దాక్కోలేదని ఎక్కడా బోర్డు కట్టుకోలేదు గానీ, ఆ రోజుల్లో నా నడక చూస్తే ఎవరికైనా అర్థమయ్యేది.

మా విభాగానికి అధిపతి మాధురి. ఎలమంచిలి నుంచి రోజూ రైల్లో వచ్చేది. నా కూతురి కన్నా చిన్నది. ఆమె నన్ను సార్ అనేది, నేను ఆమెని మేడం అనేవాణ్ణి. ఆమె పెట్టిన నిబంధనలు మూడు. ఒకటి, వెరిఫైయర్‌కి పేర్లు కనిపించకూడదు, నంబర్లే కనిపించాలి. రెండు, సెగ్మెంట్ ముక్క మాత్రమే చూసి తేల్చాలి. తొక్కినవాడి ఇల్లు ఎక్కడో, ముందూ వెనకా ఎటు తిరిగాడో మనకి అనవసరం. మూడు, బంధువుల రికార్డు తేల్చకూడదు. మొదటి రెండూ పాటిస్తే మూడోది ఎలా పాటించాలో ఎవరమూ ఆలోచించలేదు.

ఆ వేసవిలో కూర్మన్నపాలెం సైక్లింగ్ క్లబ్బు వాళ్లు మా యాప్ మీద కొండ పోటీ పెట్టారు. సింహాచలం ఘాట్ రోడ్డు, కింద నుంచి పై దాకా. యాభై అయిదేళ్లు దాటినవాళ్లలో మొదట నిలిచినవాడికి గేర్ల సైకిల్ బహుమతి. నెల రోజులుగా మొదటి స్థానంలో ఒకడే ఉన్నాడు. పేరు ఎల్లాజీ, వయసు యాభై ఎనిమిది, సముద్రం మీద వేటకెళ్లే మనిషి. ఇది నాకు తర్వాత తెలిసింది, అప్పటికి నాకతను ఒక నంబరు. ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా వేట నిషేధం, బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉంటాయి. ఆ రెండు నెలలూ ఊరికే కూర్చోలేక గేర్లు లేని పాత సైకిల్ మీద రోజూ కొండెక్కేవాడట.

పోటీ ముగియడానికి నాలుగు రోజుల ముందు ఇంకో రికార్డు వచ్చి అతని మీద కూర్చుంది. పంతొమ్మిది సెకన్ల తేడా. ఎల్లాజీ ఫిర్యాదు చేశాడు. కాగితం నా బల్ల మీదకి వచ్చింది.

చూశాను. వేగం గంటకి పద్నాలుగు కిలోమీటర్లు. మోటారు బండి ఏదైనా అంత నీరసంగా కొండెక్కుతుందా? మలుపుల దగ్గర ఇంకా తగ్గింది, ఒకచోట దాదాపు ఆగిపోయి మళ్లీ కదిలింది. పెద్ద వయసు మనిషి రొప్పుతూ ఎక్కినట్టే ఉంది. వణుకు చూశాను. ఇంజను జాడ ఏ మాత్రం లేదు. "సైకిలే. శ్రమపడి ఎక్కాడు" అని రాసి సంతకం పెట్టాను. ఆ రెండో వాక్యం రాయాల్సిన అవసరమే లేదు. ఎవడో నా వయసువాడు కష్టపడ్డాడని ముచ్చటేసి రాశాను.

బుధవారం నాడు ఎల్లాజీ నుంచి రెండో ఫిర్యాదు వచ్చింది, ఈసారి మాట రికార్డు చేసి పంపాడు. మాధురి స్పీకర్ పెట్టి వినిపించింది.

"బాబూ, ఆడు సైకిలు తొక్కలేదు. కొండెక్కినాక పద్నాలుగు నిమిషాలు ఎక్కడాగినాడో సూడండి. అక్కడ కొత్త బళ్లకి పూజ సేత్తారు. సైకిలుకి ఎవుడైనా నిమ్మకాయలు తొక్కిత్తాడేటి? వచ్చే వారం నాను వేటకెల్లిపోతాను. మల్లీ యేడాది దాకా నాకు కొండ లేదు, సైకిలూ లేదు. ఏటి సూసి రాసినారు బాబూ మీరు?"

చివరి మాట నాకు తగిలింది. ముప్పై ఏడేళ్ల రెండు ఉద్యోగాల్లో నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. యాప్‌లో ఎవరి పూర్తి ప్రయాణమైనా మిగతా సభ్యులందరికీ కనిపిస్తుంది, తేల్చాల్సిన నాకు మాత్రం కనిపించదు. రెండో ఫిర్యాదు వస్తే మొత్తం ప్రయాణం తెరవొచ్చని నిబంధన. తెరిచాను.

ముందు పైన ఆగిన చోటు చూశాను. వణుకు గీత పద్నాలుగు నిమిషాలు చదునుగా ఉంది. ఆ తర్వాత ఒక చిన్న కుదుపు, అరక్షణం ఆగి ఇంకొకటి. ముందు చక్రం, వెనక చక్రం. నిమ్మకాయలే, సందేహం లేదు. ఎల్లాజీ సముద్రం మనిషి అయినా ఇంజనీరులా ఆలోచించాడని మెచ్చుకున్నాను కూడా. తర్వాత ప్రయాణం ఎక్కడ మొదలైందో చూశాను. కూర్మన్నపాలెం. మా వీధి వెనక వీధి. మూడో ఇల్లు.

అది మా బావమరిది అప్పలనాయుడి ఇల్లు. ఆ రోజు అతని బండి మీద వెనక సీటులో కూర్చున్నది నేనే.

అప్పలనాయుడి గురించి రెండు మాటలు చెప్పాలి. నా భార్య వరలక్ష్మికి తమ్ముడు, ప్లాంట్‌లో క్రేన్ ఆపరేటర్‌గా చేసి, గడువుకి ముందే రిటైర్మెంట్ తీసుకున్నాడు. కరిగిన ఉక్కు నిండిన బానని జనం తలల మీదుగా ముప్పై ఏళ్లు మోశాడు, ఒక్క చుక్క ఒలకలేదు. అదే మనిషి రోడ్డెక్కితే మేకకి హారన్ కొట్టి అది జవాబు చెప్పేదాకా ఆగుతాడు. అలాంటివాడు కొత్తగా ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నాడు. దానికి ఇంజను లేదు, వణుకూ లేదు. పూజకి కొండకి తీసుకెళ్తూ, వెనక బరువుంటే బండి నిలకడగా ఉంటుందని నన్ను ఎక్కించుకున్నాడు. నేను ఎనభై ఎనిమిది కిలోలు. ఘాట్ రోడ్డు మీద మా ముందు ఒక బస్సు మూలుగుతూ ఎక్కుతోంది. దాటేయమని రెండుసార్లు చెప్పాను. "కొత్త బండి బావా, గీత పడిపోతాది" అన్నాడు. పైదాకా ఆ పొగ మింగుతూనే వెళ్లాం. నేను శ్రమపడి ఎక్కాడని రాసింది ఆ బస్సు గురించన్నమాట.

ఇక్కడ నాకు ఒక వెసులుబాటు కనిపించింది, దాచడమెందుకు. అప్పలనాయుడు ఏదో కొత్త సైకిల్‌కి పూజ చేయించాడని రాసేస్తే నిమ్మకాయలకీ సమాధానం దొరుకుతుంది. నేను వెనక కూర్చున్నానని ఎవరికీ తెలియదు. రెండు నిమిషాలపాటు ఆ ఆలోచనతో కూర్చుని, లేచి నీళ్లు తాగి వచ్చాను. ఎల్లాజీ గొంతు చెవిలోంచి పోలేదు.

పైగా ఎవరికీ తెలియదనడం కూడా తప్పే. ఆఫీసు నాకు ఒక టెస్ట్ ఫోను ఇచ్చింది. బస్సు, ఆటో, ఏది ఎక్కినా ఆ ప్రయాణం రికార్డు చేసి, ఫలానా బండి అని చీటీ తగిలించి జమ చేయాలి. మోటారు ఎలా నడుస్తుందో యంత్రానికి నేర్పడానికి అవి నమూనాలు. ఆ రోజు కూడా అది నా జేబులో ఉంది. "ఎలక్ట్రిక్ స్కూటర్, ఇద్దరు" అని రాసి, సంతకం పెట్టి, నేనే జమ చేశాను. అంటే ఒకే ప్రయాణాన్ని సోమవారం స్కూటర్ అనీ, శనివారం సైకిల్ అనీ ధ్రువీకరించిన అధికారిని నేను.

మాధురికి అంతా చెప్పాను. ఆమె రెండు రికార్డుల్నీ తెర మీద ఒకదాని మీద ఒకటి పరిచింది. కూర్మన్నపాలెం నుంచి కొండపై దాకా రెండు గీతలూ అంటిపెట్టుకుని పోయాయి, కుదుపులతో సహా. ఆమె ఆఫీసు భాష మర్చిపోయింది.

"అయ్యబాబోయ్ సార్, మీరెక్కిన బండిని మీరే సైకిలన్నారేటి?"

మిరపకాయల ఘాటు అనుకునేలా కళ్లు తుడుచుకుంటూ చాలాసేపు నవ్వింది. నవ్వాగాక కాగితం నా ముందు పెట్టి, నా పాత తీర్పుని రద్దు చేస్తూ కారణాలు నన్నే రాయమంది. రాశాను. ఆధారం అనే గడిలో నమూనా నంబరు వేశాను. సాక్షి అనే గడిలో నా పేరు రాసి, పక్కన "వెనక సీటు" అని చేర్చాను.

ఆ సాయంత్రం అప్పలనాయుడి ఇంటికి వెళ్లాను. వరలక్ష్మి కూడా అక్కడే ఉంది. బావ పనిచేసే కంపెనీదని ఇతను కూడా మా యాప్ ఫోనులో పెట్టుకున్నాడు. ఫోను కదలగానే దానంతటదే రికార్డు మొదలుపెట్టే సదుపాయం ఒకటి అందులో ఉంది, దాన్ని ఆన్ చేసి వదిలేశాడు. అందులో దురుద్దేశం లేదు. ఆ తర్వాతి మౌనం మాత్రం అతనిదే. క్లబ్బు వాళ్లు వచ్చి చేతులు కలిపారు, ఫ్లెక్సీకని ఫొటో తీసుకెళ్లారు, ఈయన నవ్వుతూ నిలబడ్డాడు.

"ఫోనే రాసుకుంది బావా, నాను రాయమన్నానా?" అన్నాడు ముందు. తర్వాత గొంతు తగ్గించి, "పుట్టి బుద్ధెరిగినాక ఎందులోనైనా ఒకటో నంబరొచ్చినానా బావా నాను? రెండ్రోజులు పోనిచ్చి సెప్దారనుకున్నాను. మూడో రోజుకి నానే తొక్కినట్టు కాళ్లు నొప్పెట్టినాయి" అన్నాడు.

నాకు నిజంగానే జాలేసింది. వరలక్ష్మికి వేయలేదు. తమ్ముణ్ణి ఒక చూపు చూసి నా వైపు తిరిగింది.

"ఆడికంటే బుద్ధి లేదు. సదువుకున్నోడివి, ఎనకాల కూకుని నువ్వేటి సేసినావు?"

ఆదివారం కూర్మన్నపాలెం క్లబ్బు ఆవరణలో బహుమతి సభ. అప్పటికే కట్టిన ఫ్లెక్సీలో అప్పలనాయుడు కొండంత నవ్వుతున్నాడు, కింద "కొండ వీరుడు" అని అక్షరాలు. ఎల్లాజీ ఒక మూల పాత సైకిల్ పట్టుకుని నిలబడ్డాడు. ఎండకి మాడిన మనిషి, పిక్కలు మాత్రం రాతిలో చెక్కినట్టున్నాయి. ఆ పిక్కలు ముందే చూసుంటే ఏ పరికరమూ అక్కర్లేకపోయేది. నేను వెళ్లి, తప్పు తీర్పు రాసింది నేనేనని చెప్పుకున్నాను. "సూసుకోవాల బాబూ," అన్నాడు, అంతే.

అప్పలనాయుడు రాడనుకున్నాను. వచ్చాడు, ఆ స్కూటర్ మీదే, హెల్మెట్‌తో. మైకు అడిగి తీసుకుని, తాను కొండెక్కింది బండి మీదనీ, ముందు బస్సు కూడా ఉందనీ చెప్పేశాడు. తర్వాత గేర్ల సైకిల్‌ని తనే నడిపించుకుంటూ వెళ్లి ఎల్లాజీకి అప్పగించాడు.

"నీ సైకిలు నీదే బావా. నాది బండి."

ఎల్లాజీ కొత్త సైకిల్ హ్యాండిల్ రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత స్కూటర్ వైపు చూసి, "బండి బాగుంది. ఒక్క సార్జింగుకి ఎంత దూరమొత్తాది?" అని అడిగాడు. ఆ తర్వాత అరగంట వాళ్లిద్దరూ బ్యాటరీ గురించి మాట్లాడుకున్నారు, మిగతా సభని ఎవరూ పట్టించుకోలేదు.

ఆ ఫ్లెక్సీని ఏం చేయాలో క్లబ్బుకి తోచలేదు. అప్పలనాయుడు మడిచి ఇంటికి తెచ్చుకుని, వాన తగలకుండా స్కూటర్ మీద కప్పాడు. ఇప్పటికీ అదే కప్పుతాడు. ఆ అక్షరాల కింద ఉన్నది ఆ రోజు కొండెక్కినదే కాబట్టి వెరిఫైయర్‌గా నాకు అభ్యంతరం లేదు.

ఆ వారమే నిబంధన మారింది. వెరిఫైయర్ మొత్తం ప్రయాణం చూడాలి, ముక్క చూసి తీర్పు రాయకూడదు. ఫారంలో కొత్తగా ఒక గడి కూడా వచ్చింది: ఆ సమయానికి వెరిఫైయర్ ఎక్కడున్నాడు? మాధురి దాన్ని నా పేరుతో పిలిచేది. ఉద్యోగం వదిలేదాకా ప్రతి ఫారంలోనూ ఆ గడిని ముందు నింపాను. సర్వీసంతా వణుకు వెతికినవాణ్ణి కాబట్టి, వణుకు లేకపోతే అంతా సవ్యమేనని నమ్మాను. వేగంగా పోయేవాణ్ణి పట్టుకోవడానికి తయారుచేసిన పరీక్ష నెమ్మదిగా పోయేవాణ్ణి పట్టుకోదు. ఈ రెండూ ఆ పని నాకు నేర్పాయి.

మరుసటి వేసవి నిషేధ కాలంలో ఎల్లాజీ గేర్ల సైకిల్ మీద తన పాత రికార్డునే నిమిషానికి పైగా తగ్గించాడు. దాని మీద ఒక ఫిర్యాదు వచ్చింది. పంపింది అప్పలనాయుడని అతనే ఇంటికొచ్చి చెప్పాడు. మొత్తం ప్రయాణం మూడుసార్లు చూశాను. ఆ సమయానికి నేను ఇంట్లో ఉన్నానని రాసుకున్నాను. సైకిలే.